వాలిన చేతికి ఏ తొడుగు? వినకూడని సలహాలు

కాన్పులో బిడ్డ భుజం పట్టేస్తే, మెడ నుంచి చేతికి దిగే నరాల గుత్తి సాగిపోవచ్చు, ఒక్కోసారి తెగిపోవచ్చు. చేయి వాలిపోతుంది. భుజం లోపలికి తిరిగి, మోచేయి వంగక, అరచేయి వెనక్కి చూస్తూ ఉంటుంది. డాక్టర్లు ఎర్బ్స్ పాల్సీ అంటారు. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలో కనబడుతుంది. అలాంటి బిడ్డ ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో, కొల్లేటి లంకల్లోనో పుడితే పురిటి నీళ్లయినా పోయకముందే సలహాలు మొదలవుతాయి. అన్నీ ప్రేమతో చెప్పేవే. వాటిలో బిడ్డకు చెరుపు చేసేవాటిని రాస్తున్నాను, చెవిన పడగానే పోల్చుకుంటారని.

"ఎక్కడో ఎముక తప్పింది, పసరు కట్టు వేయించండి." ఇది మొదట వినబడేది. కట్టు విరిగిన ఎముకను కదలకుండా ఉంచుతుంది. నరానికి కావలసింది అది కాదు. నరం తిరిగి పెరిగేటప్పుడు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున సాగుతుంది, ఏ కట్టూ ఆ వేగాన్ని పెంచదు. అయితే కాన్పులో మెడ కింది కాలర్ ఎముక విరిగిన పిల్లలూ ఉంటారు. అందుకే ముందు ఎక్స్‌రే తీయించాలి. విరిగిందని తేలితే, డాక్టరు చొక్కా చేతిని పిన్నీసుతో ఛాతీకి గుచ్చి కొద్ది రోజులు ఉంచమంటారు. ఆ గడువు అయ్యాక విప్పేయాలి.

అన్నిటికంటే ఎక్కువ చేటు చేసే సలహా మెడికల్ షాపులో దొరుకుతుంది. "చేయి వేలాడుతోందా? ఈ బెల్టు వేయండి" అంటూ మెడలో తగిలించే స్లింగ్ ఇస్తారు. చూడ్డానికి బిడ్డ చేయి హాయిగా ఒదిగినట్టే ఉంటుంది. కానీ ఈ పిల్లల చేయి ముందే లోపలికి తిరిగి ఉంది. బయటికి తిప్పే కండరాలకు బలం లేదు, లోపలికి లాగేవాటికి ఉంది. స్లింగ్ చేతిని పొట్ట మీదకు, అంటే అదే వంకరలోకి మడిచి పెడుతుంది. నెలల తరబడి అలా ఉంచితే భుజం కీలు బిగుసుకుపోతుంది, పెరిగే ఎముక గుండ్రంగా కాకుండా వంకరగా రూపు కడుతుంది. రేపు నరం కోలుకున్నా చేయి పైకి లేవదు. దీనికి తిరగబడిన తప్పు కూడా ఒకప్పుడు జరిగింది. పసిబిడ్డ చేతిని దివిటీ ఎత్తినట్టు పైకి నిలిపి, అలాగే బిగించే స్ప్లింట్లు పాత రోజుల్లో వాడేవారు. భుజం అలాగే బిగుసుకుపోవడం, కీలు జారడం చూసి వైద్యులు వాటిని మానేశారు. కీలును ఏ ఒక్క భంగిమలోనూ పాతేయకూడదు.

మరి తొడుగు ఎందుకు? కొన్ని పనులకు పనికొస్తుంది. లైక్రా స్లీవుకు పట్టీలు మెలికగా కుడితే ముంజేతిని బయటికి తిప్పే లాగుడు వస్తుంది. మణికట్టు వాలిపోతే చిన్న స్ప్లింటు దాన్ని నిలబెడుతుంది, అప్పుడు వేళ్లు వస్తువును పట్టుకోగలవు. కొనేముందు థెరపిస్టును అడగాల్సింది ఒక్కటే: "ఇది మా బిడ్డ చేతిని ఏ వైపు తిప్పుతుంది, అది వేసుకుని వాడు ఏ పని చేయగలుగుతాడు?" జవాబు స్పష్టంగా రాకపోతే కొనకండి. ఈ తొడుగుల మీద జరిగిన పరిశోధనలు కొద్ది, అవీ చిన్నవి. రోజూ డైపరు మార్చే ప్రతిసారీ ఫిజియోథెరపిస్టు చూపించినట్టు మోచేయిని పక్కకు ఆనించి ముంజేతిని మెల్లగా బయటికి తిప్పడం ముఖ్యం. తొడుగు దానికి తోడు మాత్రమే.

"బిగుతుగా ఉంటేనే పట్టు." ఈ మాట నన్ను భయపెడుతుంది. నరం దెబ్బతిన్న చోట స్పర్శ తగ్గుతుంది. తన వేళ్లను తానే కొరుక్కుని నెత్తురు తెచ్చుకునే పిల్లలుంటారు, నొప్పి తెలియక. అలాంటి చర్మం మీద క్రేపు బ్యాండేజీ చుడితే, అది జారి తాడులా ఒకచోట చేరితే, వాడు ఏడవడు. అంచు కింద మీ వేలు దూరాలి. మొదట అరగంట, గంటే వేసి విప్పి చూడండి. ఎర్రటి గుర్తు అరగంటలో పోకపోతే, వేళ్లు ఉబ్బినా, గోళ్ల రంగు మారినా ఆ తొడుగు వద్దు. "ఏడిస్తే అలవాటు పడతాడులే" అనే వాళ్ల మాటా వినకండి. స్పర్శ ఉన్న చోట ఏడుపు ఒక కబురు.

"రెండు సైజులు పెద్దది కొనండి, పెరిగే పిల్లాడు." బడి యూనిఫారానికి ఈ లెక్క చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. వదులు తొడుగు ముడతలు పడి చర్మాన్ని ఒరుస్తుంది, పట్టీలు పక్కకు జారి తప్పు వైపు లాగుతాయి. పెద్దవాళ్ల మోకాలి బెల్టును కత్తిరించి పిల్లకు తొడగడమూ అంతే. కొలత తీయించి కుట్టించండి, మూడు నెలలకోసారి మళ్లీ కొలిపించండి. తొడిగేటప్పుడు ముందు దెబ్బతిన్న చేయి, విప్పేటప్పుడు చివర అదే.

మన ఉక్కపోతను లెక్కలో పెట్టుకోవాలి. కైకలూరు, మండవల్లి వైపు వానాకాలంలో బట్ట ఆరడమే కష్టం. తడి లైక్రా కింద చెమటకాయలు, తామర తొందరగా వస్తాయి. రెండు తొడుగులుంచుకుని, మంచినీళ్లతో ఉతికి నీడన ఆరేయండి. ఎండలో వేస్తే సాగుడు చస్తుంది. రాత్రి వేయాలా వద్దా అన్నది థెరపిస్టే చెప్పాలి.

కాలి సంగతి ఒక మాట. పిరుదు మీద పడిన ఇంజెక్షను నరానికి తగిలి పాదం వాలిపోయిన పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు "గట్టి బూట్లు చాలు" అంటారు. చాలవు. కాలి అచ్చు తీసి చేసిన, చీలమండనూ పాదాన్నీ నిలబెట్టే ప్లాస్టిక్ తొడుగు ఏఎఫ్‌ఓ కావాలి, లోపల పొడి నూలు సాక్సు ఉండాలి, పైన వెడల్పాటి బూటు వేయాలి. చెరువు గట్ల బురదలో తడిస్తే విప్పి తుడిచి మళ్లీ వేయాలి.

"ఆడపిల్ల కదా, పొడుగు చేతుల జాకెట్టు వేసి దాచండి." వద్దమ్మా. దాచిన చేయి వాడని చేయి అవుతుంది. బొమ్మ ఆ చేతి వైపే పెట్టండి, రెండు చేతులతో బంతి పట్టించండి, స్నేహితులు అడిగితే పిల్లే చెప్పేలా పెంచండి.

చివరిది, "అయిదేళ్లు వచ్చాక చూద్దాం." చాలామంది పిల్లలు తొలి నెలల్లోనే కోలుకుంటారు, నిజమే. ఎవరు కోలుకోరో తెలిసేదీ అప్పుడే. మూడు నెలలు నిండినా బిడ్డ మోచేయిని తనంతట వంచలేకపోతే, ఆ వారంలోనే నరాల సర్జరీ చేసే డాక్టరు చూడాలి. నరానికి చేసే ఆపరేషన్లు ఎక్కువగా తొలి ఏడాదిలోపే చేస్తారు. ఎవరిని అడగాలో తెలియకపోతే ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచర్నో పట్టుకోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకూ చూస్తుంది, జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతుంది. గడువు దాటిపోయిన పిల్లలకూ కండరాన్ని ఒకచోటు నుంచి మరోచోటుకు మార్చి కుట్టే ఆపరేషన్లున్నాయి. ఆలస్యమైందని ఇంట్లో కూర్చోకండి, వెళ్లండి.