సిక్స్‌బీ అన్న

మాసాబ్‌ట్యాంక్ ఆర్ట్ కాలేజీ 1940లో మొదలైందట. అప్పట్నుంచీ బ్యాచ్‌కి ఒక్కడైనా ఇలాంటివాడు ఉండే ఉంటాడని నా నమ్మకం. రిజిస్టర్‌లో పేరు ఏదైనా కానీ, మా విజయనగర్ కాలనీ గదిలో అతను సిక్స్‌బీ అన్న. చెవి మీద సిక్స్‌బీ పెన్సిలు లేందే స్నానానికి కూడా కదలడు. బ్యాంకు పరీక్షలకు చదువుకునే నేను, అద్దెలో సగం కలిసొస్తుందని అతన్ని గదిలో చేర్చుకున్నాను. ఆ సగం సంగతి ఇప్పుడెందుకులెండి.

అన్నకు రెండు కళ్లున్నా ఒకటే డ్యూటీలో ఉంటుంది. రెండోది మూసి, చెయ్యి బారచాపి, పెన్సిలు నిలువుగా పట్టి, బొటనవేలు పైకీ కిందికీ జరుపుతూ ఎదుటివాళ్లను కొలుస్తాడు. మనిషి పొడుగు ఏడున్నర తలకాయలట. ఓసారి నాంపల్లి స్టేషన్ బయట మల్లెపూలమ్మే ఆమెను అలాగే కొలుస్తున్నాడు. ఆమె చూసింది. బుట్ట పక్కకు నెట్టి లేచింది.

"ఏందిరా, కన్ను గొడ్తున్నవ్? మీ అమ్మ ఈడుదాన్ని!"

అన్న మూసిన కన్ను తెరవలేదు. "జర కదలకమ్మా, తలకాయ కొలుస్తున్న" అన్నాడు.

ఆమెకు ఏమర్థమైందో గానీ చెప్పు తీసింది. ఆ రాత్రి స్కెచ్‌బుక్ చూపించాడు. నిజం చెప్పొద్దూ, చెప్పు పట్టుకున్న ఆ చెయ్యి బ్రహ్మాండంగా వచ్చింది. మిగతా మనిషి రాలేదు. గీసే టైమెక్కడిది?

అన్న స్కెచ్‌బుక్ నిండా ఇలా మిగిలిపోయిన జనమే. ప్లాట్‌ఫాం మీద నిద్రపోయేవాళ్లు కదలరు కాబట్టి వాళ్లను గీయడం తేలికని అతని లెక్క. బండి వస్తే లేస్తారన్నది ఆ లెక్కలో లేదు. అందుకే ముసలాయన మోకాళ్ల దాకానే ఉంటాడు, మూట మీద తల పెట్టుకున్నామెకు మూట మాత్రమే మిగులుతుంది. బండి మూడు గంటలు ఆలస్యమని మైకులో చెప్తే స్టేషనంతా తిట్టుకుంటుంది, ఒక్క అన్న మొహం వెలిగిపోతుంది. ఆ రోజు పాదాలు కూడా వస్తాయి మరి.

"కదలనివాళ్లను గీయొచ్చు కదన్నా" అన్నాను. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా ఉంది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నుంచి కొనుక్కొచ్చిన పాలరాతి బొమ్మ. ఏ బండి వచ్చినా లేవదు. అన్నకు సలహా నచ్చింది, వెళ్లాడు. శుక్రవారం, సెలవు. మరో నెలకు మళ్లీ వెళ్లాడు. అదీ శుక్రవారమే. వారానికి ఆరు రోజులు తెరిచి ఉండే చోటికి వరసగా మూసిన రోజే వెళ్లాలంటే దానికీ ఒక ప్రతిభ కావాలి.

ఇక గదిలో నా కష్టాలు. చార్‌కోల్ గీతలు చెరపడానికి బ్రెడ్డు లోపలి మెత్తని భాగం బాగా పనికొస్తుందట. నేను పొద్దుటికని తెచ్చుకున్న బ్రెడ్డులో నాకు అంచులు మిగిలేవి. నా స్నానం బకెట్టులో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ కలిపాడు, కలుపుతూ ఫోను మాట్లాడాడు, అది గడ్డకట్టింది. ఇప్పుడా బకెట్టులో నాలుగు చెంబుల నీళ్లు పడతాయి. అడిగితే, "అడుగు ఎంత నున్నగొచ్చిందో చూడు తమ్మీ" అంటాడు.

ఊరికెళ్తే మేనమామ ఎరువుల దుకాణానికి బోర్డు రాయమన్నాడట.

"నేను పెయింటర్‌ను గాదు మామా" అన్నాడట అన్న.

"మరి పట్నంల ఏం సదువుతున్నవ్ రా?"

"పెయింటింగ్."

మామ ఆ తర్వాత మాట్లాడలేదట. బోర్డు మాత్రం ఫ్లెక్సీ కొట్టించుకున్నాడు.

ఏం చెప్పినా అన్న దగ్గర చివరికి ఒకటే మాట: బరోడా. చిత్రకారులు లక్ష్మాగౌడ్, వైకుంఠం ఇక్కడ చదువుకుని పైచదువుకు బరోడా వెళ్లినవాళ్లే. కాబట్టి తనూ వెళ్తాడు. నాలుగేళ్ల బీఎఫ్ఏ ఐదో ఏట కూడా సా...గుతోంది, ఒకటో రెండో సబ్జెక్టులున్నాయి. అయినా ఇరానీ హోటల్లో చాయ్ తాగిన ప్రతిసారీ "వచ్చే ఏడు బరోడాల ఉంట తమ్మీ" అని లేస్తాడు. డబ్బులు నేనిస్తాను.

మొన్న ఉండబట్టలేక టైంటేబుల్ చూసి చెప్పాను: "అన్నా, బరోడా మీదుగా పోయే రాజ్‌కోట్ ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌లో ఎక్కాలి. నువ్వేమో రోజూ నాంపల్లిలో కూర్చుంటున్నావు."

అన్న ఒక కన్ను మూశాడు. చెయ్యి చాచి పెన్సిలు నా మొహానికి ఎదురుగా పట్టాడు.

"జర కదలకు" అన్నాడు.