పిడికెడు గింజల డబ్బా

నేను డాల్డా డబ్బాను. పసుపు రంగు ఎప్పుడో రాలిపోయింది, ఒంటి మీది చెట్టుబొమ్మకు మొదలు మాత్రం మిగిలింది. 1937లో డాల్డా పుట్టింది మొదలు మావాళ్లు ఎన్ని ఇళ్లలో తులసికుండీలయ్యారో, ఎన్ని బావుల దగ్గర చేదలయ్యారో లెక్కలేదు. నాకు షాద్‌నగర్‌లో ఒక ఎం.బి. (మెన్నొనైట్ బ్రెదరెన్) చర్చివాళ్ల ఇంట్లో కొలువు దొరికింది. ఏదో క్రిస్మస్‌కు కొన్నారు. డాల్డా అయిపోగానే అవ్వ నన్ను బూడిదతో తోమి, పురుగు పట్టకుండా అడుగున ఎండు వేపాకు వేసి, పొయ్యి పక్క గూట్లో పెట్టింది. అప్పటికింకా అవ్వ కాదు, ఇద్దరు పిల్లల తల్లి.

వంటకు తీసిన గింజల్లోంచి, కడగకముందే, ఒక పిడికెడు నాలో పడాలి. ఆదివారం మందిరంలో అందరి ఇళ్ల గింజలూ కుప్పపోసి వేలం వేస్తే వచ్చిన పైసలు స్త్రీల సమాజానివి. మిజోరం ఆడవాళ్లు 1910 నుంచి ఇట్లాగే పిడికెడు బియ్యం తీసి చర్చిని నడుపుకొస్తున్నారు.

నాలో మొదట పడ్డవి జొన్నలు. పాలమూరు మెట్టలో వరి అన్నం పండుగ ముచ్చటే కదా! కరువు వచ్చినేడు, ఊళ్లవాళ్లు మూటలు కట్టుకొని బొంబాయి బాట పట్టినప్పుడు, ఇంటాయన అననే అన్నాడు: "పిల్లలకే సాల్తలేదు, గుడికేం పెడ్తవే?" అవ్వ తలెత్తలేదు. "తీసినంక ఉన్నదే మనది," అంది. ఆ రోజు రొట్టె ఒకటి తగ్గింది. తగ్గింది ఎవరి పళ్లెంలోనో గూట్లోంచి నేను చూశాను.

అవ్వ పుట్టింది షంషాబాద్ మిషన్ ఆస్పత్రిలో. 1907లో మన దేశానికి వచ్చి 1945లో ఇక్కడే కన్నుమూసిన కాథరీనా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరు దొరసాని చేతుల మీద పుట్టానని గొప్పగా చెప్పుకునేది. అందుకేనేమో, ఏ వాడలో ఏ పిల్లకు నెలలు నిండినా తనే తోడు పోయి ప్యాసింజర్ రైల్లో జడ్చర్ల మిషన్ ఆస్పత్రికి చేర్చేది. చావు ఇంట్లో శవానికి స్నానం చేయించడానికీ అవ్వే కావాలి. కులం అడిగేది కాదు. ఇవన్నీ చేసొచ్చి, చేతులు కడుక్కొని, ముందు నా మూతే తీసేది.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్నల చప్పుడు పోయింది. ఆ తర్వాత అవ్వ వేళ్ల కణుపులు వాచాయి, పిడికిలి ముడుచుకోదు, గింజలు వేళ్లసందుల్లోంచి జారిపోయేవి. జారినవి ఏరి వేసి, కొలత తప్పిందని ఇంకో పిడికెడు తీసేది. కోడలు ఒకసారి అననే అంది: "ఫోన్‌పే చేస్తం గదా అత్తమ్మా?" "చెయ్యి బిడ్డా. గింజలు సుత పెట్టు."

అవ్వ పోయాక జ్ఞాపకార్థ కూడికలో చాలామంది మాట్లాడారు. ప్రార్థనాపరురాలు అన్నారు, తల్లిలాంటిది అన్నారు. అబద్ధం ఒక్కటీ లేదు. నా పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు, నాకు కొంచెం కోపమే వచ్చింది.

ఇప్పుడు కోడలు వేస్తోంది. 2025 ఉగాది నుంచి రేషన్‌లోనూ సన్నబియ్యమే, తెల్లగా నున్నగా ఉంటాయి. వారమంతా మరిచిపోయి శనివారం రాత్రి ఒకేసారి గ్లాసు నిండా కుమ్మరిస్తుంది. తూకానికి ఎక్కువే. అవ్వ అయితే ఒప్పుకునేది కాదు.