మాడిపోయిన బల్బు ఎవరికివ్వాలి సార్?

ఈ-వ్యర్థాల నియమాలు రాసిన ఢిల్లీ పెద్దలకు నమస్కారాలు.

అయ్యా, తమరు 2022లో రాసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టిన నియమాల్లో పాదరసం ఉన్న బల్బుల్ని మరిచిపోకుండా చేర్చారు, సంతోషం. తమ ఆజ్ఞ తలదాల్చి, మాడిపోయిన సీఎఫ్ఎల్‌ను ఈ ఉదయం కాగితంలో చుట్టి చెత్తబండి దగ్గరికి తీసుకెళ్లాను. "గాజు సామాను వద్దండీ, చేతులు కోసుకుంటాయి" అన్నాడు బండబ్బాయి. మైకు పెట్టుకుని వచ్చే పాత సామాన్లాయన దాన్ని చూసి ఆగను కూడా ఆగలేదు. బల్బు కొన్న షాపులో అడిగితే "దీనికి వారంటీ అయిపోయిందండీ" అన్నారు. నేనడిగింది వారంటీయా?

అట్టపెట్టె మీద చక్రాల చెత్తడబ్బా బొమ్మ, దానికడ్డంగా ఇంటూ గుర్తు! చెత్తలో వెయ్యకూడదట. మరి ఎక్కడ వేసి చావాలి?

ఇచ్చేటప్పుడు ఎంత హడావిడి! 2015 జనవరిలో ఎల్ఈడీ బల్బుల పథకం ఉజాలా అన్నారు. 2021లో గ్రామ ఉజాలా అని విజయవాడ వైపు పల్లెల్లో పది రూపాయలకే ఎల్ఈడీ ఇచ్చారు, అదీ వెలిగే పాత ఫిలమెంట్ బల్బు తెచ్చిస్తేనే. అంటే వెనక్కి తీసుకోవడం మీకు చేతకాక కాదు. వెలిగేది తీసుకున్న చేతులకు మాడింది ఎందుకు బరువైంది?

కంపెనీలకేం, రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనుక్కుని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో లెక్క చూపిస్తే రీసైక్లింగ్ లక్ష్యం పూర్తయినట్టే. నా బల్బు ఆ పోర్టల్‌లో ఎక్కడ పెట్టను?

ఒక్కో సీఎఫ్ఎల్‌లో ఉండే పాదరసం కొద్ది మిల్లీగ్రాములే, ఒప్పుకుంటాం. కానీ పగిలితే ఆవిరై గాల్లో కలుస్తుంది. మా ఇంట్లో పగలకపోతే డంపింగ్ యార్డులో పగులుతుంది, ఒట్టి చేతుల్తో చెత్త ఏరుకునేవాళ్ల ముక్కు ముందు. ట్యూబ్‌లైట్లదీ ఇదే గతి. రిమోట్ సెల్లులు, చచ్చిన దోమల బ్యాట్ల సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

అయ్యా, వెటకారం పక్కన పెట్టి అడుగుతున్నాను. కొత్త పథకం వద్దు, కొత్త యాప్ అసలే వద్దు. బల్బులమ్మే ప్రతి షాపులో పాతవి వేసే డబ్బా ఒకటి పెట్టించండి. నెలకోసారైనా దాన్ని కంపెనీవాళ్ల చేత ఖాళీ చేయించండి. చెత్తబండి అబ్బాయికి ఒక జత చేతొడుగులు ఇప్పించండి. ఈపాటి చెయ్యలేకపోతే, ఆ ఇంటూ గుర్తు మా బల్బుల మీద కాదు, మీ నియమాల మీద వేయించండి.

ఇట్లు,
మాడిన బల్బుతో ఒక వినియోగదారు