తప్పు చిప్పుతోనే ఫిల్టర్ కట్టండి

మాడ్యులర్ సింథసైజర్ కోసం మొదటిసారి ఫిల్టర్ కట్టబోయేవారికి అందరూ ఒకటే పాట పాడతారు: మంచి ఆప్-యాంప్ కొను, ట్రాన్సిస్టర్లు కొలిచి జత కుదుర్చు, ఎక్కడా డిస్టార్షన్ రానివ్వకు. నన్నడిగితే ఇవేవీ వద్దు. శుభ్రంగా పనిచేసే ఫిల్టర్ కంప్యూటర్‌లో ఉచితంగానే దొరుకుతోంది, దానికోసం వేళ్లు కాల్చుకోవడం దేనికి? సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నారు కాబట్టి వాస్ప్ ఫిల్టర్ కట్టండి.

వాస్ప్ 1978లో ఇంగ్లండ్‌లో వచ్చిన చవక సింథసైజర్. నలుపు, పసుపు రంగుల ప్లాస్టిక్ డబ్బా. కదిలే మెట్లు కూడా ఉండవు, వేలు తాకితే పలుకుతుంది. దాని సర్క్యూట్ గీసిన క్రిస్ హగెట్, ఫిల్టర్‌లో ఆప్-యాంప్‌లు ఉండాల్సిన చోట 4069 అనే డిజిటల్ చిప్ పెట్టాడు. సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా తిప్పడమే ఆ చిప్ పని. అయితే దాని ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక రెసిస్టర్ కలిపితే అటూ ఇటూ కాకుండా సప్లైలో సగం వోల్టేజీ దగ్గర నిలబడి ఆంప్లిఫయర్‌లా నడుస్తుంది. నిక్కచ్చిగా మాత్రం నడవదు. సిగ్నల్ కాస్త పెరిగిందంటే తరంగం కొసలు మెత్తగా వంగిపోతాయి. వాస్ప్ గొంతులో జీర అక్కడిదే. డోప్ఫర్ కంపెనీ ఆ జీర కోసమే ఏ-124 అనే మాడ్యూల్‌లో ఇదే ఫిల్టర్‌ను మళ్లీ తెచ్చింది.

కాబట్టి 4069 తీసేసి ఆప్-యాంప్ పెట్టమనే వారి మాట వినకండి. చిప్‌ను నేరుగా బోర్డుకు సోల్డర్ చేయకుండా సాకెట్‌లో పెట్టండి. రకరకాల కంపెనీల 4069లు మార్చి మార్చి వినండి, ఒకదాని బరకదనం మరొకదానికి రాదు. మీటర్ మెచ్చినదాన్ని పక్కన పెట్టి చెవికి నచ్చినదాన్ని ఉంచుకోండి. నంబరు చివర యూబీ అని ఉందో లేదో మాత్రం చూసుకోండి. లోపల ఒకే అంచె ఉండే ఆ రకమే ఇక్కడ పనికొస్తుంది.

తర్వాత ఇన్‌పుట్ రెసిస్టర్ విలువ సగానికి తగ్గించండి. యూరోర్యాక్ రకం మాడ్యులర్‌లో సిగ్నల్ అసలే పెద్దది, ఇప్పుడు రెట్టింపు జోరుతో చిప్ మీద పడుతుంది. చాలకపోతే చిప్‌కి ఇచ్చే సప్లై తగ్గించి చూడండి, ఇంకా ముందే చెదురుతుంది. డిజైన్‌లో సమానంగా ఉండే రెండు కెపాసిటర్లలో ఒకదాని విలువ రెట్టింపు చేస్తే కటాఫ్ సుమారు అర ఆక్టేవ్ దిగుతుంది, రెజొనెన్స్ తీరూ మారుతుంది. రెండూ రెట్టింపు చేస్తే పూర్తి ఆక్టేవ్ దిగుతుంది. బేస్ వాయించేవారికి అదే మేలు.

హిస్ వస్తుంది. రానివ్వండి.

తప్పు చేయకూడని చోటు ఒక్కటే ఉంది, పవర్. యూరోర్యాక్ ఇచ్చే ప్లస్ 12, మైనస్ 12 రెండింటి మధ్య 4069ని పెడితే 24 వోల్టులు పడి చచ్చిపోతుంది. 15 దాటనివ్వకండి. రిబ్బన్ కేబుల్ ఎర్రచార మైనస్ 12 వైపే ఉండాలి, స్విచ్ వేసేముందు రెండుసార్లు చూసుకోండి.

ఇదంతా అయ్యాక కూడా శుభ్రమైన ఫిల్టర్ కావాలనిపిస్తే నిక్షేపంగా కట్టుకోండి. మొదటిది మాత్రం ఇదే కట్టండి.