నాన్న నడిస్తే ముల్లు ఎగిరేది

డెబ్బై దాటిన మనిషిని ఆయన కొనుక్కున్న ఇంట్లోనే మునివేళ్ల మీద నడిపించాను. నా తెలివితక్కువతనం గురించి రాయాలంటే ముందు ఇది చెప్పాలి. డబ్బు తగలేసిన సంగతి తర్వాత.

పోర్ట్ క్లాంగ్‌లో మాది పాత రెండంతస్తుల వరుస ఇల్లు. కింద సిమెంటు, పైన చెక్క పలకల నేల. పక్కింటికీ మాకూ ఉమ్మడిగా ఉన్న ఇటుక గోడ నుంచి అవతలి గోడ దాకా దూలాలు, వాటి మీద పలకలు. పాటలు వినే గది మేడ మీద పెట్టుకున్నాను. రేవుకెళ్లే కంటైనర్ లారీల రొద అక్కడికి కాస్త తక్కువగా వస్తుంది. కిటికీ వైపు గోడకి అటో స్పీకరు, ఇటో స్పీకరు, సరిగ్గా మధ్యలో రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు ఉన్న స్టాండు. అందరూ పెట్టుకునే పద్ధతే. కానీ మా ఇంట్లో ఆ మధ్య చోటంటే దూలాలు అన్నిటికన్నా ఎక్కువగా ఊగే చోటు. అది నాకు తట్టలేదు.

1974లో ఘంటసాల పోయాక విడుదలైన భగవద్గీత రికార్డంటే నాన్నకి ప్రాణం. సాయంత్రం స్నానం చేసి పైకి వచ్చేవారు. ఆయన నాలుగడుగులు వేశారో లేదో, స్పీకర్లలోంచి దబ్బుమని చప్పుడు, ముల్లు రెండు గాళ్లు దాటి ఎగరడం. "నాన్నా, మెల్లిగా!" అని అరిచేవాణ్ణి. మొదట్లో విసుగ్గా, తర్వాత తర్వాత కోపంగా. ఆయన చెప్పులు కిందే విడిచి, కుర్చీ దాకా గోడ పట్టుకుని రావడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకి పైకి రావడమే మానేశారు. "మోకాళ్లు నొప్పిరా" అన్నారు. నేను నమ్మేశాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది గనక.

ఆ రోజుల్లో నా ధ్యాసంతా స్టాండు మీదే. కౌలాలంపూర్ నుంచి బరువైన ఉక్కు స్టాండు తెప్పించాను. మందపాటి గాజు అరలు, కింద మొనదేలిన మేకులు. నలుగురు పట్టి పైకెక్కించాల్సి వచ్చింది. బరువుంటే కదలదనుకున్నాను. సిమెంటు నేల మీద అది నిజమే. పలకల నేల మీద ఆ బరువంతా దూలాల నడుమకే చేరింది. నాన్న అడుగుతో దూలం ఊగితే దాంతోపాటు స్టాండూ ఊగింది. మేకులు దాన్ని నేలకి ఇంకా గట్టిగా బిగించాయి, అంతే.

రికార్డు ప్లేయరు పని ఏమిటో అప్పుడే సరిగ్గా ఆలోచించి ఉంటే బాగుండేది. గాడిలోని ఒంపుల్ని మైక్రాన్లలో కొలవాలి. తల వెంట్రుక మందమే సుమారు డెబ్బై మైక్రాన్లు ఉంటుంది. అంత చిన్న కదలికని వేల రెట్లు పెంచి మనకి వినిపిస్తుంది ఆ యంత్రం. కదిలింది గాడా, కింద ఉన్న నేలా అన్న తేడా ముల్లుకి తెలియదు. ముల్లు మోసే చెయ్యికి సెకనుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఊగే స్వభావం సహజంగానే ఉంటుంది. నా ప్లేయరు లోపలి స్ప్రింగులది మూడు నుంచి అయిదు. మనిషి నడక వల్ల నేల ఊగడమూ ఈ చుట్టుపక్కలే. అందుకే ఆ రకం ప్లేయర్లకి తేలికగా, బిగువుగా ఉండే బల్ల కావాలి, లేదంటే గోడకి బిగించిన పలక. నేను ప్లేయరు కింద మెత్తటి జెల్ బిళ్లలు పెట్టాను. స్ప్రింగు మీద స్ప్రింగు! ముల్లు ముందుకన్నా ఎక్కువ ఎగిరింది. అదీ నాన్న నడక తప్పే అనుకున్నాను.

ఆ తర్వాత గట్టి రబ్బరు బిళ్లలు కొన్నాను. రబ్బరు విషయంలోనన్నా నాకు బుద్ధి ఉండాల్సింది. మా తాత ఈ రేవులోనే దిగారు. అప్పుడు దీని పేరు పోర్ట్ స్వెటెన్‌హామ్, 1972లో మారింది. దిగి, నేరుగా రబ్బరు తోటకి వెళ్లి చెట్లకి గాట్లు పెట్టి పాలు తీశారు. లండన్‌లో భూగర్భ రైలు స్టేషను మీద 1966లో కట్టిన ఆల్బనీ కోర్ట్ భవనం సహజ రబ్బరు దిమ్మల మీదే నిలబడింది, కింది రైళ్ల అదురు ఇళ్లలోకి రాకుండా. 2014లో తెరిచిన పెనాంగ్ రెండో వంతెన కిందా భూకంపాన్ని ఓర్చుకునే రబ్బరు బేరింగులున్నాయి. వీటిలో ప్రతి దిమ్మనీ అది మోయబోయే బరువు లెక్కగట్టి చేస్తారు. రబ్బరు పని చెయ్యాలంటే బరువుకి అణగాలి. పది మిల్లీమీటర్లు అణిగితే దాని ఊపు సెకనుకి సుమారు అయిదు సార్లు, ఒక్క మిల్లీమీటరే అణిగితే పదహారు. ఆ ఊపుకి దాదాపు ఒకటిన్నర రెట్లు దాటిన అదురునే అది ఆపగలదు. అంతకు తక్కువైతే ఆపకపోగా పెంచుతుంది కూడా. నా బిళ్లలు ప్లేయరు బరువుకి గోరు మందమన్నా అణగలేదు. రబ్బరు పాలతో బతికిన ఇంటివాణ్ణి, ధర చూశానే గానీ వేలితో నొక్కి చూడలేదు.

స్పీకర్ స్టాండ్ల గొట్టాల్లో ఇసుక పోస్తే మోత తగ్గుతుందని విన్నాను. అది నిజమే. కానీ ఇసుక కడిగి, బాగా ఎండబెట్టి పోయాలి. నేను ఇల్లు కట్టేచోట మిగిలిన ఇసుక తెచ్చి అలాగే పోశాను. ఈ ఊరి గాలే తడి, ఆ పైన ఇసుక తడి. కొన్ని నెలలకి అడుగు అతుకులోంచి తుప్పు నీరు కారి పలకల మీద ఎర్రటి మచ్చ పడింది. అది గీకినా పోలేదు.

ఆంప్లిఫయరు కింద కూడా బిళ్లలు పెట్టాను. వాటి సంగతి మా అమ్మాయి తేల్చింది. అవి పెట్టాక గొంతు విప్పారిందని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాణ్ణి. ఓ ఆదివారం నన్ను అటు తిప్పి కూర్చోబెట్టి, ఒకసారి పెట్టి, ఒకసారి తీసి, "నాన్నా, ఇప్పుడు ఉన్నాయా లేవా చెప్పు" అంటూ అడిగింది. నేను చెప్పినవాటిలో ఒప్పులెన్నో తప్పులూ అన్నే. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరుకి నిజంగా కావలసింది గాలి. గాజు తలుపుల అరలో అది చెయ్యి కాలేంత వేడెక్కుతుంటే పట్టించుకోకుండా, దాని కాళ్ల కింద ఏముండాలా అని తల పట్టుకున్నాను.

కిటికీ చట్రం బాగుచెయ్యడానికి వచ్చిన చీనా వడ్రంగి, మేమంతా అంకుల్ అని పిలిచే ఆయన, ఓ నిమిషంలో తేల్చేశారు. గది మధ్యలో ఒక అరచెయ్యి నేల మీద ఆనించి నన్ను నడవమన్నారు. తర్వాత ఉమ్మడి గోడ పక్కన అరచెయ్యి ఆనించి మళ్లీ నడవమన్నారు. నన్నూ అలా పట్టి చూడమన్నారు. మధ్యలో పలక అరచేతిని తన్నింది. గోడ పక్కన, దూలం కొస గోడలో కూర్చున్నచోట, ఏమీ తెలియలేదు. ఇటుకలోకి బోల్టులు దించి రెండు ఇనుప బ్రాకెట్లు, వాటి మీద తేలికైన ప్లైవుడ్ పలక బిగించారు. నీటిమట్టం పెట్టి సరిచూశారు. ఆయన అడిగిన కూలి నా గాజు అర ఒక్కదాని ఖరీదు కూడా లేదు.

నాన్నని నేనే చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను. మామూలుగా నడవమన్నాను. నడిచారు. ముల్లు కదల్లేదు. తప్పు నడకది కాదు, నాదే అని చెప్పాను, క్షమించమన్నాను. "మోకాళ్లు నొప్పి నిజమేరా, సగం" అన్నారు.

ఉక్కు స్టాండు ఇప్పుడు కింద సిమెంటు నేల మీద ఉంది. తలుపులు తీసేశాను. ఆంప్లిఫయరు పైన జానెడు ఖాళీ వదిలాను. అక్కడ ఆ స్టాండుకి వంక పెట్టడానికేం లేదు. ఎవరైనా ఏ స్టాండు కొనమంటారని అడిగితే, ముందు మీది ఏ అంతస్తు, దూలాలు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయని అడుగుతున్నాను. నేల మీద అరచెయ్యి ఆనించి, ఇంట్లోవాళ్లని నడవమని చెప్తున్నాను. ధర మాట ఆ తర్వాతే.