నీటిబండి పద్యానికి టీకా తాత్పర్య విశేషాలు

మూలం

ఆ.వె.
నీటిబండి యొకటి నేలపై వచ్చును
బొట్టు చమురు లేదు బుడ్డిలోన
ఉన్నదున్న రీతి నొప్పుకొన్నాడయా
కొన్నవానివింక గోడులెల్ల

అవతారిక

కవి కాలాదులు తెలియవు. కస్టమ్స్ బ్రోకరై ఉంటాడని వ్యాఖ్యాత ఊహ. నాలుగు పాదాల్లో ఎక్కడా పేరు పెట్టుకోలేదు, పెడితే బాధ్యత నెత్తిన పడుతుందని. సందర్భం ఇది: మిషిగన్‌లో వాడిన జెట్ స్కీ ఒకటి కొని, ట్రైలరు మీద పెట్టి, పోర్ట్ హ్యూరన్ దగ్గర బ్లూ వాటర్ బ్రిడ్జి ఎక్కి, అవతల ఆంటారియోలోని సార్నియాలో దిగాలి. డెట్రాయిట్ చుట్టూ, టొరంటో చుట్టూ మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి తెలుగు టీక ఒకటి ఉంటే మంచిదనిపించింది. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన మల్లినాథ సూరి మన మెదక్ కొల్చారం వాడే. ఆయన దారిలోనే నడుద్దామనుకున్నాను గానీ, ఈ మూలంలో చెప్పినదానికన్నా దాచిందే ఎక్కువ.

ప్రతిపదార్థం

నీటిబండి = నీటిపై పరుగెత్తు యంత్రము; ఒకటి = ఒక్కటియే (కింది ట్రైలరు ఇందులో చేరదు, దాని గొడవ వేరు); నేలపై = రోడ్డు మార్గమున; వచ్చును = రాగలదు (ఎప్పుడని అడగరాదు); బుడ్డిలోన = ట్యాంకునందు; బొట్టు చమురు = చుక్క పెట్రోలైనను; లేదు = లేదని అమ్మినవాడు చెప్పెను; ఉన్నదున్న రీతిన్ = గీతలు, సొట్టలు, ఇంజను దగ్గు సహితముగా; ఒప్పుకొన్నాడు = సంతకము చేసెను; అయా = ఓ కస్టమ్స్ అధికారీ; ఇంక = సంతకము తడి ఆరక ముందు నుండియే; కొన్నవానివి = కొనుగోలుదారునివి; గోడులెల్ల = పన్నులు, ఫారములు, రిపేర్లు మున్నగునవి.

తాత్పర్యం

అయ్యా, నీటి యంత్రమొకటి దారిన వస్తున్నది. అందులో అంటుకునేదేమీ లేదు. అమ్మినవాడికీ, మోసుకొచ్చినవాడికీ, ఈ కాగితం రాసినవాడికీ దానితో ఏ సంబంధమూ లేదు. తక్కిన సంగతులు కొన్నవాణ్ణి అడగండి.

విశేషాలు

‘నీటిబండి’ అన్నచోట పాఠాంతరాలున్నాయి. కొన్ని ప్రతుల్లో జెట్ స్కీ, కొన్నిట్లో సీ-డూ, మరికొన్నిట్లో వేవ్ రన్నర్. ఇవి శాఖాభేదాలు: మొదటిది కవాసాకి వారి ట్రేడ్‌మార్కు, రెండోది కెనడాలోని బీఆర్‌పీ వారిది, మూడోది యమహాది. క్లేటన్ జేకబ్‌సన్ అనే అమెరికావాడు ముందు బీఆర్‌పీకి పూర్వరూపమైన బాంబార్డియర్‌ వారితో కలిసి పనిచేస్తే 1968లో తొలి సీ-డూ వచ్చింది. తర్వాత ఆయన కవాసాకి వైపు వెళితే జెట్ స్కీ వచ్చింది. వనస్పతినంతా డాల్డా అన్నట్టు జనం అన్నిటినీ జెట్ స్కీ అనే అంటారు. సరిహద్దులో ఈ పాఠాలేవీ చెల్లవు. కస్టమ్స్ వారికి ఇది 89వ అధ్యాయంలో 8903 శీర్షిక కిందికి వచ్చే విహార నౌక. అదే 8903 మీద మన దేశంలో 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ. కస్టమ్స్ సుంకం దానికి అదనం. వాడిన సరుకైతే దిగుమతికి ముందుగా అనుమతి కూడా తెచ్చుకోవాలి. విశాఖకు తెచ్చుకుందామనుకునే పాఠకులు ఇక్కడితో పుస్తకం మూయవచ్చు.

అమెరికా రాష్ట్రాల చట్టాల్లో దీని లక్షణం మరింత రమ్యంగా ఉంటుంది. నీటిని చిమ్మే పంపుతో నడిచేది, మనిషి దాని పొట్టలో కాక పైన కూర్చునిగానీ, నిలబడిగానీ, మోకాళ్ళ మీదగానీ నడిపేది అని. మోకాళ్ళెందుకు అని శిష్యుడి శంక. తొలినాటి కవాసాకి బండికి సీటు లేదు నాయనా, నిలబడటం పట్టుబడేదాకా అందరూ మోకాళ్ళ మీదే.

ఇప్పుడు శాస్త్రాల మధ్య పెద్ద చిక్కు. ఇది వాహనమా, కాదా? ప్రమాదకర సరుకుల రవాణా నిబంధనలు పెట్రోలుతో నడిచే వాహనాలకు యూఎన్ 3166 అని నంబరిచ్చి, ఆ వాహనాల ఉదాహరణల్లో కార్లు, మోటారు సైకిళ్ళతోపాటు పడవల్నీ చేర్చాయి. కాబట్టి వాహనమే. అమెరికా కస్టమ్స్ వారు మాత్రం ఇంకోమాట అంటారు. వాడిన వాహనాన్ని రోడ్డు సరిహద్దు దాటించాలంటే 72 గంటల ముందే కాగితాలు చూపమని వారి నియమం. ఆ నియమంలో వాహనమంటే స్వయంగా కదిలేది, నేలమీద నడవడానికి చేసినది, పట్టాల మీద మాత్రం కాదు. జెట్ స్కీ స్వయంగా కదులుతుంది గానీ నేలమీద కాదు. దాన్ని మోసే ట్రైలరు నేలమీద కదులుతుంది గానీ స్వయంగా కాదు. రెండూ కలిసి పోతున్నా ఏ ఒక్కటీ ఆ నియమానికి చిక్కదు. ఇంత చక్కటి సందు తర్కశాస్త్రంలో కూడా అరుదు.

సందు దొరికిందని సంబరపడేలోగా వంతెన అవతల ట్రైలరు పట్టుబడుతుంది. కెనడా లెక్కలో ట్రైలరు అచ్చంగా వాహనం, వాహన దిగుమతి ఫారం దానికి విడిగా నింపాలి. జెట్ స్కీ గుర్తింపు సంఖ్యలో 12 అక్షరాలే, ట్రైలరుకు 17. పల్లకీ ఎక్కినవాడికన్నా మోసేవాడికే బిరుదులెక్కువ. కవి ‘ఒకటి’ అని ఎందుకు నొక్కి చెప్పాడో ఇప్పుడు తెలిసింది కదా. రెండోదాని జోలికి పోవడం ఆయనకు ఇష్టం లేదు.

‘నేలపై వచ్చును’: విరోధాభాసం. 1938లో కట్టిన వంతెన, 1997లో దాని పక్కన మరొకటి, కింద సెయింట్ క్లెయిర్ నది. ఈ యంత్రాన్ని నదిలోకి దింపితే అవతలి గట్టు చేరడం నిమిషాల పని. అలాంటిది ట్రైలరుకు పట్టీలతో బిగించి, లారీల మధ్య, తాను ఈదగలిగిన నీటిని పైనుంచి చూసుకుంటూ వరసలో నిలబడుతుంది. మరి నీటి మీదే పోవచ్చు కదా అని పూర్వపక్షం. పోవచ్చు. గట్టు చేరగానే కెనడా సరిహద్దు సంస్థకు ఫోను చేసి వచ్చానని చెప్పాలి, కొన్న సరుకని చెప్పాలి, పన్ను కట్టాలి. తిరుగుదారిలో అమెరికా వారికి ఫోన్‌లోని రోమ్ యాప్‌లో చెప్పుకోవాలి. తడిసేది మనిషే గానీ ఫారాలు కాదు.

ఇక రెండో పాదం. ఇక్కడ కవి చమురు దగ్గరే ఆగిపోయాడు. పెట్రోలు బొట్టు లేదన్నాడు, నీటి బొట్టు సంగతి ఎత్తలేదు. అసలు భయం దానితోనే. జీబ్రా ఆల్చిప్పలని గోరంత చారల జీవులు నల్లసముద్రం, కాస్పియన్ సముద్రం వైపు నుంచి ఓడల అడుగున నింపుకునే నీళ్ళలో అమెరికా ఖండానికి వచ్చాయి. 1988లో అవి మొదట కనబడింది సెయింట్ క్లెయిర్ సరస్సులో. ఈ వంతెన కింది నది వెళ్ళి కలిసేది అందులోనే. వాటి పిల్లలు కంటికి ఆనవు. పెద్దయ్యాక గుత్తులు గుత్తులుగా అంటుకుని విద్యుత్ కేంద్రాల నీటి గొట్టాలను కూడా పూడ్చేస్తాయి. ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు అవి సొంతంగా నడిచి పోలేవు, మన బండెక్కి పోతాయి. అందుకే ఆంటారియోలో 2022 జనవరి 1 నుంచి పడవను రోడ్డెక్కించే ముందు ప్లగ్గులు విప్పి నీళ్ళు వదలాలని, అంటుకున్న నాచూ మొక్కా తీసేయాలని నిబంధన.

వ్యాఖ్యాత దీన్ని దగ్గరగా చూశాడు. చాలా బండ్లకు వెనక, అడుగు దాపున రెండు ప్లాస్టిక్ ప్లగ్గులుంటాయి, వేళ్ళతోనే తిరుగుతాయి. అవి విప్పి ట్రైలరు ముక్కు కాస్త ఎత్తితే, పూర్తిగా ఎండిందని అమ్మినవాడు ఒట్టేసిన బండి నుంచే గ్లాసుడు నీళ్ళు కారతాయి, పైన నూనె చాయ, అందులో ఒకటి రెండు నాచు పోగులు. అడుగున నీళ్ళు పీల్చుకునే జాలీ దగ్గర టార్చి వేసి చూస్తే పంపు రెక్కల చుట్టూ గడ్డి చుట్టుకుని ఉంటుంది. కవి ‘లేదు’ అన్నది ఈ గ్లాసుడు చూడకుండానే. ఆయన్ని అనవలసిన పనిలేదు, అంటుకునేదాని సంగతి అడిగారు, అంటుకునేదాని సంగతే చెప్పాడు.

‘ఉన్నదున్న రీతి’ సమస్త దోషపరిహారం. ఒక్కమాటతో అమ్మినవాడు చేతులు దులుపుకున్నాడు. ఇక్కడ కొనేవాడికి మిగిలిన ఆధారం వెనక కుడివైపున చెక్కిన ఆ 12 అక్షరాలే. కావ్యం చివర కవి తన వంశం చెప్పుకునే గద్య లాంటివవి. మొదటి మూడు తయారీదారు గుర్తు, సీ-డూ అయితే వైడీవీ. తర్వాత ఐదు క్రమసంఖ్య. తొమ్మిదోది నెల: ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. పదోది సంవత్సరం చివరి అంకె. ఆఖరి రెండు మోడల్ సంవత్సరం. కిందటి వేసవిలో తయారైన బండిని మరుసటి ఏడాది మోడల్‌గా అమ్మడం రివాజు కనుక ఈ చివరి మూడూ పొసగకపోతే బెంగ పడక్కర్లేదు. అమ్మకం కాగితం మీది అక్షరాలతో పొసగకపోతే మాత్రం డబ్బు జేబులో పెట్టుకుని ఇంటికి పొండి.

జన్మస్థలం విషయంలో కస్టమ్స్ వారిది జ్యోతిష్కుడి పట్టుదల. ఎక్కడ కొన్నారన్నది సుంకానికి ప్రధానం కాదు, ఎక్కడ తయారైందన్నదే. బీఆర్‌పీ వారి ఇల్లు క్యుబెక్‌లోని వాల్‌కోర్. వారి సీ-డూలు బిగించేది మెక్సికోలోని కెరెటారోలో. లోపలి రోటాక్స్ ఇంజను పుట్టిల్లు ఆస్ట్రియా. మిషిగన్‌లో కొని తన కంపెనీ దేశానికే తీసుకుపోతున్నా అది విదేశీ సరుకే.

‘గోడులెల్ల’: బహువచనం సార్థకం. ఆంటారియో నివాసి సొంతానికి తెచ్చుకుంటే 13 శాతం హెచ్‌ఎస్‌టీ అనే అమ్మకపు పన్ను కట్టాలి, అదీ ధరను కెనడా డాలర్లలోకి మార్చాక. అమ్మినవాడు ఏనాడో అక్కడ కట్టిన పన్నుతో దీనికి నిమిత్తం లేదు. మిషిగన్ నంబరు ఎంసీతో మొదలవుతుంది, ఎంఐ మిసిసిపీ పట్టుకుపోయింది. ఆ నంబరు గీకేసి, 10 హార్స్‌పవర్, ఆపైన ఉన్న ఇంజనుకు కెనడా లైసెన్సు తీసుకుని, కొత్త నంబరు ముక్కుకు రెండువైపులా కనబడేట్టు అంటించాలి. నడిపేవాడికి ఆపరేటర్ కార్డు వేరే. ఇక ఈ బేరమంతా ఇంట్లో పదిహేనేళ్ళ పిల్లవాడి పోరు పడలేక ఆడినదైతే ఒక మాట ముందే తెలుసుకోండి: కెనడా నీళ్ళ మీద పదహారు నిండనివాడు జెట్ స్కీ నడపకూడదు, పక్కన నాన్న కూర్చున్నా సరే.