అల్లుడి పరుగు, మామగారి పంచె

పండక్కి వచ్చిన మా మామగారు ఇవాళ పొద్దున సంధ్యావందనానికి పీట మీద కూర్చున్నట్టే కూర్చుని చివాలున లేచారు. ఆచమనం దాకా కూడా వెళ్లలేదు. పంచె వెనక తడుముకుని, రెండు వేళ్ల మధ్య ఏదో పట్టుకుని, కిటికీ వెలుతురులో పెట్టి చూసి, తర్వాత నాకేసి చూశారు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనే మనిషి కాదు. "అల్లుడుగారూ, ఇది తమరిదేనేమో చూడండి" అని నా అరచేతిలో పెట్టారు.

నాదే. గడ్డిగింజ. అనంతగిరి కొండల్లో నేను పరిగెత్తిన ట్రెయిల్ మారథాన్ తాలూకు గింజ. పరుగు డిసెంబర్‌లోనే అయిపోయింది. ఒళ్లునొప్పులు పోయాయి, ఊడాల్సిన కాలిగోరు ఊడింది, మెడల్ కూడా దేవుడి గది నుంచి హాల్లోకి, హాల్లోంచి తాళంచెవుల కొక్కేనికి దిగివచ్చింది. గింజలు మాత్రం పోవడం లేదు.

ఆ పరుగునాటి సాక్సుల్ని వాషింగ్ మెషీన్‌లో ఎవరు వేశారన్నది మా ఇంట్లో ఇంతవరకూ తేలలేదు. తేల్చాలని ఎవరూ పట్టుబట్టకపోవడం వల్లే కాపురం సజావుగా సాగుతోంది. కానీ ఆ ఒక్క ఉతుకుతో గింజలు ఇల్లంతా కాపురం పెట్టేశాయి. మా ఆవిడ చున్నీలో ఒకటి. దిండు గలీబులో రెండు. మా అమ్మాయి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో తన బలాల గురించి చెబుతూ చెబుతూ "అమ్మా!" అని అరిచింది. ఆ ఉద్యోగం రాలేదు. గింజ వల్లే రాలేదని దాని వాదన. అడిగిన ప్రశ్నకు జవాబు రాక అరిచిందని నా అనుమానం, పైకి అనలేదు.

ఈ గింజను మీరు దగ్గరగా చూడాలి. వడ్లగింజలో సగం ఉంటుంది. ముందు సూదిమొన. మొన చుట్టూ వెనక్కి వాలిన నూగు. వెనక బెత్తెడు పొడుగున నల్లటి తోక, పేనిన తాడులా మెలి తిరిగి ఉంటుంది. తడి తగిలితే ఆ మెలి విప్పుకుంటుంది, ఆరితే మళ్లీ పడుతుంది. ఎటు తిరిగినా మొన లోపలికే దిగుతుంది, నూగు దాన్ని వెనక్కి రానివ్వదు. వానాకాలం వచ్చేలోగా తనంతట తాను భూమిలోకి దిగి కూర్చోవడానికి ఆ గడ్డి చేసుకున్న ఏర్పాటది. బ్రహ్మాండమైన ఏర్పాటు. కాకపోతే దానికి మా ఇంటి దుప్పటికీ మట్టికీ తేడా తెలియదు. అంటే మేం బట్టలు ఉతికి ఆరేసిన ప్రతిసారీ విత్తనాలు నాటుతున్నామన్నమాట.

దీనికి తోడు ఉత్తరేణి గింజలు. వినాయక చవితికి 21 రకాల పత్రిలో ఉత్తరేణి ఉంటుంది కదా, దాని ఆకు దేవుడికి, గింజ నాకు. షూ అడుగున దిగబడింది పల్లేరుకాయ. ఆ పల్లేరుకే గోక్షురమనీ ట్రిబ్యులస్ అనీ పెద్ద పేర్లు పెట్టి, కండబలానికని మాత్రలు చేసి, డబ్బాల్లో పోసి జిమ్ముల పక్కన అమ్ముతారు. నాకు అరికాల్లోంచి నేరుగా, ఉచితంగా ఇచ్చారు. బలం వచ్చిన దాఖలా లేదు.

ఈ బాధ పడిన మొదటి మనిషిని నేను కాదు. 1941లో జార్జ్ డి మెస్ట్రల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు కుక్కను వెంటబెట్టుకుని ఆల్ప్స్ కొండల్లో వేటకు వెళ్లి, ప్యాంటు నిండా, కుక్క ఒంటి నిండా అంటుకున్న ముళ్లకాయలతో ఇంటికి వచ్చాడు. మనలాగా తిట్టుకోకుండా ఒక కాయను పీకి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. ఒళ్లంతా చిన్న చిన్న కొక్కేలు. ఓహో అనుకుని, ఒక పట్టీకి కొక్కేలు, ఇంకో పట్టీకి ఉచ్చులు తగిలించి, ఏళ్ల తరబడి కుస్తీపట్టి, 1955లో పేటెంటు తెచ్చుకున్నాడు. అదే వెల్‌క్రో. ఇవాళ పిల్లల బూట్ల నుంచి వ్యోమగాముల సామాన్ల దాకా అన్నిటికీ అదే ఆధారం.

ఈమధ్య నేను రాత్రిళ్లు నిద్రపట్టనప్పుడు (గలీబు కారణంగా) ఈ డి మెస్ట్రల్ గురించే ఆలోచిస్తున్నాను. ఆ రోజు ఆయన ఇంటికి వచ్చినప్పుడు గుమ్మంలో ఎవరూ లేరా? "ముందు ఆ కుక్కను పెరట్లో కట్టేసి, ఆ ప్యాంటు అక్కడే విప్పి లోపలికి రండి" అన్నవాళ్లు ఒక్కరూ లేరా? ముళ్లకాయ పట్టుకుని మైక్రోస్కోపు ముందు కూర్చుంటే "దానికన్నా ఆ గ్యాసు సంగతి చూడొచ్చుగా" అని ఎవరూ అనలేదా? ఆ ప్రశాంతతలో ఎవరైనా ఏదైనా కనిపెడతారు. సగం కాయలు అంటించుకొచ్చింది కుక్క. పేటెంటులో దాని వాటా ఎంత? అసలు ఇంట్లో మైక్రోస్కోపు ఎందుకుంది? మా ఇంట్లో ఉన్న దృశ్య సాధనమల్లా మామగారు పంచాంగం చూసుకునే భూతద్దం. ఓ మధ్యాహ్నం ఆయన పడుకున్నాక నేనూ ఒక గింజను దాని కింద పెట్టి చాలాసేపు చూశాను. డి మెస్ట్రల్‌కు పరిశ్రమ కనిపించింది. నాకు గింజ పెద్దదిగా కనిపించింది.

అయినా వదల్లేదు. కొక్కెం ఆయన కనిపెట్టేశాడు కాబట్టి నా గింజలోని బల్లెం సంగతి ఇంకా ఖాళీగానే ఉందనుకున్నాను. ఒకసారి దిగితే ఇక బయటికి రానిది, లాగితే ఇంకా లోపలికి పోయేది. అలాంటిది ఏం చేయొచ్చా అని ఆలోచించగా, ఆలోచించగా, బ్యాంకులవాళ్లు దాన్ని హోమ్‌లోన్ పేరుతో ఎప్పుడో చేసేశారని తట్టింది. అమ్మకు రోజూ బీపీ చూస్తాను. ఆ వెల్‌క్రో పట్టీ చర్రున ఊడినప్పుడల్లా ఆ కుక్క గుర్తొస్తోంది.

పరుగు సంగతి చెప్పలేదు కదూ. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తెల్లారకముందే నుదుటికి లైట్లు కట్టుకుని వికారాబాద్ అవతల అడవి అంచున నిలబడ్డాం. మూసీ నది ఈ కొండల్లోనే పుట్టింది. ఇక్కడ శుభ్రంగా పుట్టి, హైదరాబాద్ వెళ్లి ఆ గతి పట్టింది. నేను హైదరాబాద్‌లో ఆ గతి పట్టి ఇక్కడికి వచ్చాను.

ట్రెయిల్ పరుగులో బయటికి చెప్పని సంగతి ఒకటుంది. ఎత్తు వస్తే అందరూ నడుస్తారు. ఛాంపియన్లు కూడా మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని వంగి నడుస్తారు. దాన్ని పవర్ హైకింగ్ అంటారట. మా తాతగారు సింహాచలం మెట్లు సరిగ్గా అలాగే ఎక్కేవారు. ఆయన్ని మాత్రం పాపం ఆయాసం మనిషి అన్నారు.

దారి తప్పకుండా చెట్లకు ఎర్ర రిబ్బన్లు కట్టారు. బాగానే ఉంది. కానీ మన అడవుల్లో చెట్లకు ఎర్రగుడ్డలు కట్టే ఆచారం ఈ నిర్వాహకులకంటే చాలా పాతది. నాకు ముందు పోతున్నాయన చేతి గడియారంలో పేస్ చూసుకుంటూ, ముడుపుల చెట్ల వెంట జోరుగా పరిగెత్తి, పోచమ్మ గుడి ముందు తేలాడు. ఆయన వెనక మేమంతా తేలాం. వచ్చినవాళ్లం ఎలాగూ వచ్చాం కదా అని దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగాం. నేను కటాఫ్ లోపల చేరడానికి ఆ దణ్ణమే కారణమని నా నమ్మకం, ఎందుకంటే ఇంకే కారణమూ కనిపించడం లేదు.

అసలు దుర్మార్గం ఆ లూపులో ఉంది. 21 కిలోమీటర్ల చుట్టు ఒకటే వేశారు. హాఫ్ వాళ్లు ఒకసారి తిరగాలి, ఫుల్ వాళ్లు రెండుసార్లు. దానర్థం ఏమిటంటే, నేను సగం దూరం పరిగెత్తి, ఒంట్లో ఉప్పంతా చొక్కా మీదకు తెల్లగా తేలాక, ఎక్కడ బయల్దేరానో అక్కడికే వస్తాను. అక్కడ చెట్టు నీడన కుర్చీలు. కుర్చీల్లో హాఫ్ వాళ్లు, మెడల్లో మెడల్స్, చేతుల్లో విస్తళ్లు. విస్తళ్లలో ఉప్మా. వేరుశనగ గుళ్లు, కరివేపాకు, మీద కాస్త నెయ్యి, పక్కన అల్లం పచ్చడి. పొద్దున్నే కదా, ఇంకా పొగలు కక్కుతోంది. ముప్పై ఏళ్ల నుంచి ఇంట్లో ఉప్మా పెడితే మొహం మాడ్చుకునే మనిషిని నేను. ఆ పూట దాని కోసం ఆస్తి రాసిచ్చేవాణ్ని.

అక్కడ నిలబడ్డ వాలంటీర్ కుర్రాడు చాలా మంచివాడు. అదే నాకు కోపం. "సూపర్ అన్నా! హాఫ్ అయితే రైట్‌కి రండి, ఫుల్ అయితే లెఫ్ట్‌కి పోండి" అన్నాడు నవ్వుతూ. కుడి పక్క ఉప్మా. ఎడమ పక్క అడవి, అందాకా తొక్కివచ్చిన ముళ్లే, మళ్లీ మొదటినుంచీ. చొక్కాకు తగిలించిన బిబ్ మీద అంకె ఎవరూ చూడకుండా చేత్తో కప్పి కుడికి తిరిగితే ఎవరు పట్టుకుంటారని ఒక్క క్షణం అనిపించింది. అంతలో ఆ కుర్రాడు నా బిబ్ చదివేసి, మైకులో నా పేరు చెప్పి, అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. చప్పట్లు కొట్టడానికి వాళ్లు విస్తళ్లు ఒళ్లో పెట్టుకున్నారు. నేను ఎడమకు పోయాను. రెండో చుట్టు గురించి ఏమీ గుర్తులేదు. తిరిగి వచ్చేసరికి ఉప్మా అయిపోయింది. గిన్నె కడుగుతున్నారు.

ఇంత చేసి ఇంటికొస్తే అందరిదీ ఒకటే ప్రశ్న. "ఎన్నో ర్యాంకు?" లిఫ్టులో, పెళ్లిళ్లలో, ఫోన్లో. ఎంసెట్ పేరు మార్చినా ర్యాంకు పిచ్చి మారలేదు. ర్యాంకు చెప్తే "మొత్తం ఎంతమంది?" అది చెప్తే కాసేపు మౌనం. తర్వాత "పోన్లే, ప్రైజ్ మనీ ఏమన్నా ఇచ్చారా?" ఇవ్వలేదు, నేనే ఎదురు కట్టానంటే, మా కింది ఫ్లాటాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "డబ్బులు కట్టి మరీనా?" అన్నాడు. అప్పటినుంచీ ఆయన నన్ను అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కల్లో సంప్రదించడం మానేశాడు.

ఏమీ అడగంది మా అమ్మ ఒక్కతే. ఎవడు తరుముతున్నాడురా నిన్ను అని అడుగుతుందనుకున్నాను, అడగలేదు. మధ్యాహ్నాలు బాల్కనీలో కూర్చుని, గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, నా సాక్సుల్లోంచి ఒక్కో గింజా తీస్తుంది. కంటి ఆపరేషన్ అయ్యాక దగ్గరి వస్తువులు సరిగ్గా ఆనవు, అందుకని వేళ్లతో వెతుకుతుంది. గుచ్చుకున్నచోట గింజ ఉన్నట్టు. పారేయమ్మా, కొత్తవి కొనుక్కుంటానంటే వినదు.

నాన్న పోయిన వయసుకు నేను వచ్చేశాను. స్కూటరు దిగి ఆయన నాలుగడుగులు వేయగా చూసిన గుర్తు నాకు లేదు. నేను పరిగెత్తడం మొదలెట్టినప్పుడు అందరికీ ఫిట్‌నెస్ అనే చెప్పాను. ఈ లెక్క ఎవరికీ చెప్పలేదు. అమ్మకు లెక్కలు రావనుకునేవాణ్ని. ఈమధ్య తన బీపీ చూసుకోవడం అయ్యాక ఆ పట్టీ నా చెయ్యికి కూడా చుట్టమంటోంది. అంకె చదివించుకుని, ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లి కూరలో ఉప్పు తగ్గిస్తోంది.

సరే, నిర్వాహకులతో నాకో పేచీ మిగిలి ఉంది. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటికి ఎదురుగా ముగించేసరికి అంత తేలింది. 1921లో దాన్నే ఖాయం చేశారు. అంటే చివరి కొన్ని మీటర్లు రాజుగారి ఖాతా, ఒప్పుకున్నాను. కానీ నా గడియారంలో, పోచమ్మ గుడికి పోయివచ్చింది తీసేసినా, 43.6 వచ్చింది. మిగిలింది ఎవరి ఖాతా?

మెయిల్ పెట్టాను. "అడవి కదా సార్, చెట్ల కింద శాటిలైట్ సిగ్నల్ అటూ ఇటూ అవుతుంది. అయినా అదనపు దూరానికి మేం అదనంగా ఏమీ వసూలు చేయలేదని గమనించగలరు" అని జవాబు వచ్చింది.

అప్పుడు నేను పుస్తకాలు తిరగేశాను. మారథాన్ కంటే ఎంత పొడుగైనా సరే, దాన్ని అల్ట్రా మారథాన్ అనే అంటారు. 42.195 మీద ఎన్ని మీటర్లుండాలన్న నియమం లేదు. కాబట్టి నేను పరిగెత్తింది అల్ట్రా. కాబట్టి నా సర్టిఫికెట్టులో "మారథాన్" కొట్టేసి "అల్ట్రా మారథాన్" అని దిద్ది పంపవలసిందని, ఆధారాలు జతచేసి, మర్యాదగా మళ్లీ రాశాను.

నిన్న జవాబు వచ్చింది. తప్పకుండా దిద్ది పంపుతారట. అల్ట్రా విభాగానికి ఎంట్రీ ఫీజు ఎక్కువ కాబట్టి, ఆ తేడా, దాని మీద జీఎస్టీ ఈ నెలాఖరులోగా కట్టాలట.